గిటార్ తప్పా, పిల్ల తప్పా?

పోయిన నెల వెట్ గ్రైండర్ బెల్టు మార్చుకున్న కథ రాశాను కదా, దానికి మీరు రాసిన జవాబుల్లో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ కనిపించింది. "గ్రైండర్ సరేనండీ, మా పిల్లల గిటార్ సంగతేమిటి? కొన్న ఆర్నెల్లకే మూలన పడింది" అని. ఆ మూల మా ఇంట్లోనూ ఉంది. పాత కీబోర్డు ఒకటి, రంగు వెలిసిన యోగా మ్యాట్ ఒకటి, వాటి పక్కన ఎర్ర గిటార్. అందుకని ఈ నెల ఆ గిటార్ కథే.

మా అమ్మాయికి పదమూడో ఏడు. రెండేళ్ళ క్రితం పుట్టినరోజుకి ఎలక్ట్రిక్ గిటార్ కావాలంది. మేము కూడా అందరిలాగే ఆలోచించాం. నిజంగా నేర్చుకుంటుందో లేదో తెలీదు, ముందు చవకది కొందాం, నిలబడితే మంచిది కొందాం. చిన్న ఆంప్లిఫయర్, సంచీ, బెల్టు, అన్నీ కలిపి 150 డాలర్లకి ఒక పెట్టె వచ్చింది. కంపెనీ పేరెందుకులెండి, ఆ ధరకి వచ్చేవన్నీ ఇంచుమించు ఒకటే.

పిల్ల నిలబడింది. గిటారే నిలబడలేదు. పాట మొదట్లో శ్రుతి చేసుకుంటే పాట సగంలోకి వచ్చేసరికి మూడో తీగ దిగిపోయేది. మళ్ళీ ఫోన్లో ట్యూనర్ యాప్ తెరవడం, మళ్ళీ తిప్పడం. అరగంట సాధనలో పావుగంట తిప్పడానికే పోయేది. పోయిన జనవరిలో ఒక సాయంత్రం గిటార్ మంచం మీద పడేసి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఐ థింక్ నాకు చెవి లేదు. స్కూల్లో జాజ్ బ్యాండ్ ఆడిషన్‌కి పేరు తీసేస్తాను."

నేను పోపు వేస్తున్నాను. ఆ మాటకి చెయ్యి ఆగిపోయి ఆవాలు మాడిపోయాయి. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. నాకూ సరిగ్గా అదే వయసులో, కాకినాడలో, వీణ మాస్టారు ఇంచుమించు అదే అన్నారు. "నీ చేతిలో శ్రుతి నిలవదమ్మా." ఆ తర్వాత ఇంకో ఏడాది లాగించి మానేశాను. నాకు సంగీతం రాదు అన్నది అప్పటి నుంచీ నా గురించి నేను చెప్పుకునే విషయాల్లో ఒకటైపోయింది, పొట్టిదాన్ని అన్నట్టు, ఎడమచేతి వాటం అన్నట్టు.

ఆ రాత్రి పిల్ల పడుకున్నాక గిటార్ తీసుకుని వంటింటి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. నాకు గిటార్ రాదు. కానీ ఇంజనీరింగ్ చదివిన దాన్ని, ఒక వస్తువు పనిచేయకపోతే ఎందుకు పనిచేయట్లేదో చూడటం వచ్చు. అసలు అదొక్కటే వచ్చేమో కూడా.

మూడో తీగ తాలూకు ట్యూనర్ తిప్పాను. మీటకి కొంచెం తిరిగినా పైన తీగ చుట్టుకున్న స్తంభం కదల్లేదు. ఇంకొంచెం తిప్పితే అప్పుడు కదిలింది. అంటే లోపల పళ్ళచక్రాల మధ్య సందుంది. ఇంకా నెమ్మదిగా తిప్పాను. మెడ చివర తీగలు కూర్చునే తెల్లటి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని నట్ అంటారు. అక్కణ్ణించి 'టింగ్' మని చిన్న చప్పుడు వచ్చింది. తీగ ఆ గాడిలో ఇరుక్కుని, బిగువు పెరిగాక ఒక్కసారిగా జారుతోందన్నమాట. యాప్‌లో ముల్లు సరిగ్గా మధ్యలో ఉన్నా, ఒక్కసారి తీగ లాగి వాయిస్తే ఇరుక్కున్నది జారి స్వరం మారిపోతుంది.

పిల్లకి చెవి లేకపోవడం కాదు. చెవి ఉంది కనకే ఆ తేడా దానికి వినబడుతోంది.

మర్నాడు మా వారితో చెప్పాను. "కొత్తది కొనేద్దాం, పోనీ" అన్నారు. ఆయన అన్నదీ తప్పు కాదు. కానీ అప్పటికి వాళ్ళ ఆఫీసులో రెండో విడత లేఆఫ్‌లు నడుస్తున్నాయి. వర్క్ వీసా మీద ఉన్న ఇంట్లో ఆ మాట వింటే గిటార్ కాదు కదా, గరిటె కొనడానికి కూడా ఆలోచిస్తాం. మీలో చాలామందికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గర్లోని మ్యూజిక్ షాపులో అడిగితే మొత్తం సరిచేయడానికి 180 డాలర్లు, పార్టులు కాక అన్నారు. గిటార్ కంటే గిటార్ వైద్యం ఎక్కువ. వాళ్ళని తప్పుపట్టలేను. చేత్తో చేసే పనికి ఈ దేశంలో ధర అది.

"నేనే చేస్తాను" అన్నాను.

ఆయన నవ్వలేదు. దానికి నేను ఇప్పటికీ ఆయనకి కృతజ్ఞురాలిని.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్ళై హెచ్-4 మీద వచ్చాక ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే 26న హెచ్-4 భార్యాభర్తల్లో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన అమల్లోకి వచ్చాక గానీ నాకు దారి దొరకలేదు. దొరికాక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పడ్డాను. సోల్డరింగ్ ఐరన్ ఆఖరుసారి పట్టుకున్నది కాలేజీ ల్యాబ్‌లోనే. ఆ కాలిన రోజిన్ వాసన నాకెంత ఇష్టమో మర్చిపోయాను కూడా.

పని మొదలుపెట్టే ముందు కొంత చదివాను. అందులో ఒక విషయం నాకు ధైర్యం ఇచ్చింది. మనం ఎక్కువగా చూసే ఎలక్ట్రిక్ గిటార్ ఆకారానికి మూలపురుషుడు లియో ఫెండర్. 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్న మనిషి. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటార్‌ని బయటికి తెచ్చాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు! రిపేరు మనిషి కాబట్టి రిపేరుకి వీలుగా ఉండేలా ఆలోచించాడు. మెడని జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. ఏ ముక్క పాడైతే ఆ ముక్క విప్పి మార్చుకోవచ్చు. మా అమ్మాయి గిటార్ కూడా ఆ నమూనాకి నకలే. అంటే ఇది విప్పకూడని వస్తువు కాదు. విప్పడానికే చేసిన వస్తువు.

ఇంకో విషయం. ఆ ఫుల్లర్టన్ ఫ్యాక్టరీలో 1956లో చేరిన అబిగైల్ ఇబార్రా అనే ఆవిడ దశాబ్దాల పాటు పికప్‌లకి రాగి తీగ చుట్టింది. వెంట్రుక కంటే సన్నని తీగ, వేల చుట్లు. ఆవిడ చుట్టిన పికప్‌ల కోసం గిటార్ వాళ్ళు ఇప్పటికీ వెతుక్కుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిషిగన్‌లోని కలమజూ ఊళ్ళో గిబ్సన్ ఫ్యాక్టరీలో మగవాళ్ళు యుద్ధానికి వెళ్తే, గిటార్లు చేసింది ఆడవాళ్ళే. "ఆడవాళ్ళకెందుకు ఈ స్క్రూలూ గట్రా" అని ఎవరైనా అంటే ఈ రెండు ముక్కలూ చెప్పండి.

సరే, చేసింది చెప్తాను. మీరూ చేయొచ్చు. నేను చేసిన వరసలోనే చేయండి, ఎందుకంటే ఆ వరసలో ముందువి చవక, వెనకవి ఖరీదు. చాలా గిటార్లకి మొదటి రెండు మెట్లతోనే సగం జబ్బు నయమవుతుంది.

మొదటిది తీగలు. పెట్టెలో వచ్చిన తీగలు రెండేళ్ళుగా అవే ఉన్నాయి, తుప్పు పట్టి. ఏడు డాలర్లకి కొత్త సెట్టు. కొత్త తీగలు వేసిన వెంటనే శ్రుతి నిలవదు, కంగారు పడకండి. ఒక్కో తీగనీ వేళ్ళతో మెల్లగా పైకి లాగి వదిలి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ లాగి, అలా నాలుగైదు సార్లు చేస్తే సాగాల్సినంత సాగి కుదురుకుంటాయి. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. స్వరం ఎక్కువైతే బాగా కిందికి దించి మళ్ళీ పైకి తీసుకురండి. అప్పుడు పళ్ళచక్రంలో సందు ఉన్నా తీగ బిగువే దాన్ని ఒక పక్కకి అదిమి పట్టి ఉంచుతుంది.

రెండోది నట్. ముందు ఖర్చు లేని మందు: పిల్లల పెన్సిల్ చెక్కి, ఆ మొనని గాడుల్లో రుద్దండి. పెన్సిల్లో ఉన్న గ్రాఫైట్ నూనెలా పనిచేస్తుంది. మాకు సగం గుణం కనిపించింది. మిగతా సగానికి 12 డాలర్లు పెట్టి గ్రాఫైట్ కలిసిన కొత్త నట్ తెప్పించాను. కొనేముందు పాతదాని పొడవు, మందం, అడుగు చదునుగా ఉందా వంపుగా ఉందా కొలుచుకోండి. మాది 42 మిల్లీమీటర్ల పొడవు. తీసేటప్పుడు చుట్టూ ఉన్న వార్నిష్‌ని సన్నని బ్లేడుతో గీసి, పక్కనుంచి చిన్న చెక్కముక్క పెట్టి నెమ్మదిగా తట్టాలి. ఆ గీత గీయకుండా తడితే వార్నిష్ పెచ్చులూడుతుంది. కొత్తది ఎత్తుగా ఉంటే అడుగున ఉప్పుకాగితం మీద రుద్దాలి, పైన కాదు. కొంచెం రుద్దడం, పెట్టి చూడటం, మళ్ళీ రుద్దడం. ఎక్కువ రుద్దామంటే తీగలు ఫ్రెట్ల మీద గరగరలాడతాయి, మళ్ళీ వెనక్కి రాలేం. ఉప్పు వేయడం లాంటిదే. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య కాగితం దూరేంత సందు ఉంటే చాలు. అంటించడానికి జిగురు రెండు చుక్కలు మించొద్దు, రేపు మళ్ళీ మార్చాల్సిరావచ్చు.

మూడోది ట్యూనర్లు. ఇక్కడ నేను రెండు తప్పులు చేశాను, మీరు చేయకండి.

మొదటి తప్పు, కొలవకుండా కొన్నాను. ట్యూనర్లు రెండు రకాల వరసల్లో వస్తాయి. తల మీద పక్కకి మూడేసి ఉండే గిటార్లకి ఒక సెట్టు, ఆరూ ఒకే వైపు ఉండే గిటార్లకి ఇంకో సెట్టు. మాది ఆరూ ఒకే వైపు. నేను తెప్పించింది మూడేసివి. వెనక్కి పంపాను, వారం పోయింది. ఆ వరసతో పాటు రంధ్రం వ్యాసం కూడా చూడాలి. ఈ మధ్య వచ్చే చవక గిటార్లలో ఎక్కువగా 10 మిల్లీమీటర్లు ఉంటుంది, పాత నమూనా వాటికి ఇంకా సన్నం. వెనక స్క్రూ ఎక్కడ పడుతుందో అది కూడా చూసుకోవాలి. రెండోసారి 38 డాలర్లకి లాకింగ్ ట్యూనర్లు తెప్పించాను. వీటిలో తీగని లోపల చిన్న స్క్రూ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి నాలుగైదు చుట్లు చుట్టక్కర్లేదు. చుట్లు తగ్గితే జారేదీ తగ్గుతుంది.

రెండో తప్పు పెద్దది. పాతవి విప్పడం తేలికే. ముందు తీగలు పూర్తిగా వదులు చేసి తీసేయాలి. పైనుంచి 10 మిల్లీమీటర్ల స్పానర్‌తో నట్టు విప్పి, వెనక చిన్న స్క్రూలు తీస్తే ఊడి వచ్చేస్తాయి. కొత్తవాటికి స్క్రూ చోటు రెండు మిల్లీమీటర్లు పక్కకి పడింది. కొత్త రంధ్రం వేయాలి. అయిదింటికి చక్కగా చిన్న డ్రిల్ బిట్‌తో వేశాను. ఆరోదానికి బద్ధకించాను. రాత్రి పదకొండయింది, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు, డ్రిల్ చప్పుడెందుకని స్క్రూనే గట్టిగా తిప్పేశాను. అవి అగ్గిపుల్లంత స్క్రూలు. ఠక్కున తల విరిగి, మొండెం కర్రలో ఉండిపోయింది.

ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. 150 డాలర్ల గిటార్ కోసం కాదు. పొద్దున్నే లేచి చూసుకునే పిల్ల కోసం. "అమ్మ బాగుచేస్తుంది" అని మొదటిసారి ఒక వస్తువు నా చేతిలో పెట్టింది.

పొద్దున్న నిజం చెప్పేశాను. అది కాసేపు చూసి, "ఫైన్ అమ్మా, ఫైవ్ అవుట్ ఆఫ్ సిక్స్ ఈజ్ స్టిల్ అ బీ" అంది. ఇంట్లో మార్కుల గురించి నేను పెట్టే గొడవంతా ఆ ఒక్క మాటలో నాకే తిరిగొచ్చింది.

మా ఒహాయోలో గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని పక్కింటావిడ చెప్పింది. గ్యారేజీలో పని. డెబ్భై దాటి ఉంటాయి. బోలు గొట్టంలాంటి సన్నని పనిముట్టుతో ఆ మొండెం చుట్టూ కోసి బయటికి లాగి, రంధ్రంలో టూత్‌పిక్‌లు వుడ్ గ్లూతో దిగ్గొట్టి మూసి, ఎండాక మళ్ళీ ఎలా రంధ్రం వేయాలో చూపించాడు. స్క్రూ దించే ముందు దాని మరలకి సబ్బు రాయమన్నాడు. పదిహేను డాలర్లు తీసుకున్నాడు. తర్వాత గిటార్ అటూ ఇటూ తిప్పి, "ఈ నట్ ఎవరు వేశారు?" అని అడిగాడు. నేనే అన్నాను. "బాగా కూర్చుంది" అన్నాడు. మా మేనేజర్ ఇచ్చే ఏ రేటింగూ నాకు అంత తృప్తి ఇవ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు, చలిదేశాల్లో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి. శీతాకాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎండిపోతుంది. కర్ర కుంచించుకుంటుంది. మెడ వంపు మారుతుంది, ఫ్రెట్ల కొసలు పక్కకి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. గిటార్‌ని హీటర్ గాలి వచ్చే చోట పెట్టకండి, వాయించనప్పుడు సంచీలో పెట్టండి. మన చర్మానికి పగుళ్ళొస్తే గిటార్‌కీ వస్తున్నట్టే.

నాలుగోది జాక్. తీగలకి సంబంధం లేదు గానీ, వైరు కదిపినప్పుడల్లా గరగర, ఒక్కోసారి చప్పుడే ఉండదు. నాలుగు డాలర్లకి కొత్త జాక్. సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో లేదు, 25 డాలర్లు పెట్టి కొన్నాను. జాక్‌కి రెండే వైర్లు. ఒకటి సిగ్నల్, ఒకటి గ్రౌండ్. విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, ఏది ఎక్కడిదో రేపు గుర్తుండదు. ముందు లోహాన్ని వేడి చేసి, ఆ లోహానికి సోల్డర్ తాకించాలి. ఐరన్ మీద సోల్డర్ కరిగించి చుక్కలా పెడితే అతుకుతున్నట్టు కనిపిస్తుంది, నాలుగు రోజులకి ఊడుతుంది. సీసం ఉన్న సోల్డర్ అయితే కిటికీ తెరిచి, వంటసామాన్లు తీసేసి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నేను వంటింటి బల్ల వదిలి గ్యారేజీకి మారింది అప్పుడే.

ఆంప్‌లో ప్లగ్ పెట్టేసరికి బుర్రుమని చప్పుడు, తీగ మీద చెయ్యి పెట్టగానే తగ్గింది. పిల్ల భయపడింది. భయపడక్కర్లేదు, తీగలకి గ్రౌండ్ వైరు సరిగ్గా కలిసిందనడానికి అది గుర్తు. ఇరవయ్యేళ్ళ కిందటి పాఠం అలా టకీమని గుర్తొచ్చి చెప్పేస్తుంటే, అది నావైపు కొత్తగా చూసింది. "అమ్మా, నీకివన్నీ తెలుసా?" తెలుసమ్మా. ఎవరూ అడగలేదు, అంతే.

చివరిది, డబ్బులు ఖర్చు కానిది. తీగ కింద ఆనుకునే శాడిల్స్‌ని ముందుకీ వెనక్కీ జరిపి స్వరస్థానాలు సరిచేయడం. పన్నెండో ఫ్రెట్ మీద తీగని నొక్కకుండా తాకి వాయిస్తే ఒక స్వరం వస్తుంది, అక్కడే నొక్కి వాయిస్తే ఇంకోటి వస్తుంది. రెండూ ఒకటే అవ్వాలి. నొక్కినది ఎక్కువ పలికితే శాడిల్‌ని వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకి. అంతే లెక్క. ఈ పని అమ్మాయే చేసింది. నాకు వినబడని తేడా దానికి వినబడింది.

బ్రిడ్జి మొత్తం మార్చుదామా అని కూడా చూశాను. కానీ మార్చలేదు. చవక గిటార్ల కర్ర పలచగా ఉంటే, కొత్త బ్రిడ్జి అడుగున ఉండే ఇనపదిమ్మ వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది. తీగల మధ్య దూరం కూడా ఒక్కో నమూనాకి ఒక్కోలా ఉంటుంది. పైగా మా జబ్బు అక్కడ లేదు. పికప్‌ల జోలికీ పోలేదు. జబ్బు లేని చోట మందు వేయకండి. మెడ మెలి తిరిగిపోయినా, ఫ్రెట్లు అరిగి గుంటలు పడినా కూడా ఈ ఖర్చులు పెట్టకండి, అప్పుడు కొత్తదే నయం.

లెక్క చూద్దాం. తీగలు 7, నట్ 12, ట్యూనర్లు 38, జాక్ 4, మొత్తం 61. ఐరన్ 25, పెద్దాయనకి 15. అంతా కలిపి 101 డాలర్లు. ఐరన్ ఇంట్లోనే ఉంటుంది, తర్వాత దానితో మా రైస్ కుక్కర్ వైరు కూడా సరిచేశాను. అమ్మేటప్పుడు ఈ డబ్బులు తిరిగి రావు, అది తెలిసే పెట్టండి. తీసిన పాత పార్టులు పారేయకుండా జిప్‌లాక్ సంచీలో వేసి ఉంచండి. మంచి గిటార్ కొన్నరోజున పాతవి బిగించి అమ్మేసి, కొత్త ట్యూనర్లు మీ దగ్గరే ఉంచుకోవచ్చు, దానికి సరిపోతే.

వాద్యాన్ని మన చేతికి తగ్గట్టు మార్చుకోవడం మనకేం కొత్త కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే మాండలిన్‌ని పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. గమకం పలకాలంటే జంట తీగలు అడ్డం. అందుకని వాద్యం ఉన్నట్టు తాను మారలేదు, తనకి కావలసినట్టు వాద్యాన్ని మార్చుకున్నాడు.

ఆ వారాంతం అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మా వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసినది, పనసకర్ర వీణ. ఇప్పటికీ అమ్మ దగ్గరే గోడకి ఆనించి ఉంది.

"ట్యూనర్ జారిందా? మన వీణకీ అంతేగా, ఆ రెండో బిరడా ఎప్పుడూ జారేది. మీ నాన్న సుద్ద రాసేవారు. నాన్న ఊళ్ళో లేకపోతే నీకు శ్రుతి నిలిచేది కాదు" అంది, మామూలుగా, పచ్చడి సంగతి చెప్పినట్టు.

నాకు కాసేపు మాట రాలేదు. వీణ బిరడాకి పళ్ళచక్రాలుండవు. కర్ర రంధ్రంలో కర్ర బిరడా, ఒరిపిడితో నిలబడటమే. ఎండాకాలం కుంచించుకుని జారుతుంది, వానాకాలం ఉబ్బి బిగుసుకుంటుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? మాస్టారు నా చేతిలో శ్రుతి నిలవదన్నారు. అందుకే మానేశాను."

"అందుకా మానేశావు? నీకిష్టం లేక మానేశావనుకున్నాం కదే."

అటు అమ్మ, ఇటు నేను, మధ్యలో ముప్ఫయ్యేళ్ళు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మాస్టారు విన్నది నిజమే, శ్రుతి నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఎవరూ వంగి చూడలేదు, అంతే. బిరడా సరిగ్గా ఉండుంటే నేను పెద్ద విద్వాంసురాలినైపోయేదాన్నని కాదు. బహుశా అప్పటికీ మానేసేదాన్నేమో. కానీ నాకు రాదు అని కాకుండా, నాకు వద్దు అని మానేసేదాన్ని. ఆ రెండూ ఒకటి కావు.

మన పిల్లలకి మనం చవకవి కొంటాం. అందులో తప్పేం లేదు, చాలామందికి అంతకంటే వీలుండదు. కానీ చవక వస్తువుతో ఒక ప్రమాదం ఉంది. అది చేసే తప్పులన్నీ పిల్లలు తమ ఖాతాలో రాసుకుంటారు. వయొలిన్ కావచ్చు, టెన్నిస్ రాకెట్ కావచ్చు, కుట్టు మిషన్ కావచ్చు. "నాకు రావట్లేదు" అని పిల్ల అన్నప్పుడు, "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి" అనే ముందు ఒక్కసారి ఆ వస్తువుని చేతిలోకి తీసుకుని చూడండి. మీకు అది వాయించడం రానక్కర్లేదు.

ఆడిషన్ మార్చిలో అయింది. బ్యాండ్‌లోకి తీసుకోలేదు. వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు. ఈ కథ వేరేలా ముగిస్తే బాగుండేదని నాకూ తెలుసు.

కారులో ఇంటికొస్తూ ఏమంటుందోనని భయపడుతూ కూర్చున్నాను. "రెండో పాటలో ఛేంజ్ దగ్గర తప్పు వాయించాను అమ్మా. గిటార్ కరెక్ట్‌గానే ఉంది. అది నేనే." అని కాసేపాగి, "ఆ ఛేంజ్ ఎలా ప్రాక్టీస్ చేయాలో నాకు తెలుసు" అంది.

ఇంటికి రాగానే ట్యూనర్ యాప్ తెరవకుండానే వాయించడం మొదలుపెట్టింది.

ఈ డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. సూట్‌కేసులో ఏం పట్టుకెళ్ళాలో జాబితా రాస్తున్నాను. పిస్తాలు, చాక్లెట్లు, అత్తయ్యగారికి విటమిన్లు. జాబితా చివర మా అమ్మాయి తన చేతిరాతతో ఒక మాట చేర్చింది: సుద్దముక్క.

అది అక్కడే దొరుకుతుంది తల్లీ అన్నాను గానీ, కొట్టేయలేదు.

మీ ఇంట్లో మూలన పడున్నదేమిటో రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.